రెక్క కింద నూనె కారుతోందని చెప్పిన అమ్మాయి

గన్నవరం విమానాశ్రయంలోని గగనమిత్ర విమాన సంస్థ స్టేషన్ మేనేజరు వారి సముఖమునకు, జగ్గయ్యపేట కిరాణా హోల్‌సేల్ వర్తకుడు చెన్నకేశవరావు సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: తమ కౌంటరు ఉద్యోగిని కుమారి గ్రేసీకి, నిజం చెప్పిన నేరమునకు ఇచ్చిన మెమో రద్దు గురించి.

తమరికి విన్నవించుకొనునది ఏమనగా:

1. గత నెల నేనూ, నా భార్య జ్ఞానప్రసూనాంబా బెంగుళూరులో మా మరదలు రాగసుధ గృహప్రవేశానికి తమ విమానంలో టిక్కెట్లు తీసుకొనియుంటిమి. ఇరువురికీ విమానం ఎక్కుట అదే ప్రథమం. దారిలో పరిటాల ఆంజనేయస్వామికి కారులోంచే దండం పెట్టుకొంటిమి. ఆయనా గాలిలో ఎగిరినవాడే గనుక మా బాధ ఆయనకు తెలియునని మా ఆవిడ అభిప్రాయం.

2. బయలుదేరవలసిన వేళకు విమానం బయలుదేరలేదు. "నిర్వహణాపరమైన అనివార్య కారణములచే ఆలస్యమగుచున్నది, చింతిస్తున్నాము" అని మైకులో మూడు భాషల్లో చింతించారు. మూడింటిలోనూ కారణం లేదు. కారణం చెప్పకపోతే జనం ఊరుకోరు గదండీ, తలా ఒకటి తయారుచేసుకుంటారు. టైరు పంచరైందని ఒకరు, పైలటు అలిగి వెళ్లిపోయాడని ఇంకొకరు. నా పక్కన కూర్చున్న నందిగామ పత్తి వ్యాపారి వరప్రసాదరావు గారైతే, "ఇంజన్లో గద్ద గూడు కట్టిందంటండీ. పిల్లలు కూడా ఉన్నయ్యంట" అన్నారు. అంతే, హాలు హాలంతా తమ కౌంటరు మీద పడింది.

3. నా భార్య మిక్కిలి భయస్థురాలు. "ఏవండీ, ఇంటికి పోదాం పదండి. గృహప్రవేశం వీడియోలో చూద్దాం" అని నా చెయ్యి పట్టుకొని వణికిపోయినది. నేను తగు రీతిన ధైర్యం చెప్పుచుంటిని.

4. ఆ సమయమున గ్రేసీ మైకు తీసుకొని కుర్చీ ఎక్కినది. ఆమె మాటలు ఉన్నవి ఉన్నట్లు పొందుపరచుచున్నాను: "అందరూ ఒక్క నిమిషం ఇనండి. నాది నందిగామండీ, మీకు అబద్ధం చెప్పను. ఎడమ రెక్క కింద నూనె కారతంది. మెకానిక్కు చూస్తన్నాడు. గంట పట్టుద్దో, రెండు గంటలు పట్టుద్దో నాకూ తెలీదు. బాగైందని ఆయన సంతకం పెట్టేదాకా మా అమ్మొచ్చినా ఎక్కించను. కూర్చోండి, టిఫిన్లు తెప్పిస్తన్నా."

హాలు చల్లబడింది. వరప్రసాదరావు గారు తమ గద్దను ఉపసంహరించుకున్నారు. తరువాత ఆ అమ్మాయి కాసేపటికొకసారి వచ్చి, "ఇంకా కాలేదండి" అని చెప్పిపోయేది. కాలేదన్న మాట కూడా మనిషికి అంత ఊరటనిస్తుందని నాకు అప్పటివరకూ తెలియదు. చివరికి పరుగెత్తుకుంటూ వచ్చి, "సంతకం పెట్టాడండీ, నేనే చూశా!" అనేసరికి అందరూ చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రానికి బెంగుళూరు చేరి, మర్నాడు ముహూర్తానికి ముందు వరుసలో కూర్చుంటిమి.

5. తిరుగు ప్రయాణం వేరొక కంపెనీ విమానంలో జరిగినది. అదీ ఆలస్యమే. కేకు ఇచ్చారు, చిరునవ్వు ఇచ్చారు, కారణం మాత్రం ఇవ్వలేదు. అయ్యా, ఏ కంపెనీ సీటైనా మోకాలికి తగులుతుంది. ఏ విమానంలోంచి చూసినా మబ్బు తెల్లగానే ఉంటుంది. ఇక దేన్నిబట్టి ఒకరిని గుర్తుపెట్టుకోమంటారు? మా కొట్లో కందిపప్పు పుచ్చితే పుచ్చిందని ముందే చెబుతాం. చెప్పినచోటికే జనం మళ్లీ వస్తారు.

6. గృహప్రవేశం బాగా జరిగిందని చెబుదామని నా భార్య, ఆనాడే తీసుకొనియున్న నంబరుకు, మొన్న గ్రేసీకి ఫోన్ చేయగా, ఆ పిల్ల ఏడ్చినది. "ప్రయాణికులలో భయాందోళనలు రేకెత్తించినందుకు" సంజాయిషీ ఇమ్మని తమరు మెమో ఇచ్చారట. "ఉద్యోగం ఉంటదో లేదో పిన్నిగారూ. నాన్నకింకా చెప్పలా" అన్నదట.

ఆ ప్రయాణికులలో ఒకడిగా నేను ధ్రువీకరించునది ఏమనగా, భయాందోళనలు ఆమె మైకు పట్టుకొనుటకు పూర్వం ఉండెను, పట్టుకొనిన పిమ్మట లేవు. కావున మెమో ఇవ్వదలచినచో ముందు చింతించిన మైకుకు ఇవ్వవలెను. కానిచో నేనూ, వరప్రసాదరావు గారూ స్వయంగా గన్నవరం వచ్చి అసలైన భయాందోళన ఎట్లుండునో చూపగలము. గద్ద ఆయన వద్ద సిద్ధముగానే ఉన్నది.

ఈ మనవిని చిత్తగించి, మెమోను చెత్తబుట్టకు దయచేయించవలెను.

సీటు బెల్టు దీపం వెలిగినంతసేపూ తమ విధేయుడు,
చెన్నకేశవరావు
జగ్గయ్యపేట

తా.క.: బాబూ, నేను జ్ఞానప్రసూనాంబని. కవరు అంటించమని నాకిచ్చి ఈయన కొట్టుకెళ్లారు. చదివా. మూడో నంబరు తప్పు. వణికింది నేను కాదు, ఈయనే. ఇంటికి పోదాం అన్నదీ ఈయనే. నూనె సంగతి విన్నాకగానీ నా చెయ్యి వదల్లేదు. నిజం చెప్పిన పిల్ల కోసం రాసే కాయితంలో అబద్ధం ఉంటే బాగోదని నేనే దిద్దుతున్నా. వచ్చే నెల విమానంలో కాశీ పోదామంటున్నారు. ఆ పిల్ల డ్యూటీ ఏ రోజో కనుక్కోమని పొద్దున్నించీ నా ప్రాణం తీస్తున్నారు. అడిగింది ఈయనే అని మాత్రం చెప్పొద్దంట.