పడమటి గోడకి సిమెంటు వద్దు

నాన్నా,

మూడు రోజులుగా ఇక్కడ వాన. అయినా ఈ ఉదయం గ్రంథాలయంలో నా బల్ల పక్కనున్న రాతిగోడ మీద చెయ్యి పెడితే పొడిగా తగిలింది. నేను క్షేమంగా ఉన్నాను.

చెమ్మ రాకూడదని పోయిన ఏడాది ఈ గోడ రాళ్ళ సందులన్నీ సిమెంటుతో పూడ్చారు. ఆ సిమెంటు బీటల్లోంచి దూరిన వాననీళ్ళు మళ్ళీ బయటికి పోలేక లోపలికి దిగాయి. నిఘంటువుల అట్టలన్నీ బూజు పట్టాయి. వేసవిలో ముసలి మేస్త్రీ వచ్చి చూసి ఒకటే నవ్వు.

"గోడకి రెయిన్‌కోటు తొడిగి, చెమట పట్టిందని ఏడిస్తే ఎలాగమ్మా? దాన్నీ కాస్త గాలి పీల్చుకోనివ్వండి!"

సిమెంటంతా ఉలితో తీసేసి, సున్నమూ ఇసుకా కలిపి సందులు నింపాడు. సున్నం తాను తాగిన తడిని ఎండ రాగానే వదిలేస్తుందట. చూరు నీళ్ళు పోయే గొట్టంలో అడ్డుపడ్డ పిచ్చుక గూడు కూడా తీశాడు.

మన ఇంటి పడమటి రాతిగోడకీ చెమ్మ రాకుండా అన్నయ్య సిమెంటు పూయిస్తానన్నాడు కదా, వెంటనే ఆపించండి. అమ్మ మంచం ఆ గోడ పక్కనే ఉంది. తన ఆయాసం ఎలా ఉంది? చూరు నీళ్ళు ఎక్కడ పడుతున్నాయో ముందు చూడమనండి. నా పుస్తకాల పెట్టె నేల మీద పెట్టొద్దని వదినకి చెప్పండి. అందరికీ నా నమస్కారాలు.

"పుస్తకాల పురుగుకి గోడల సంగతేం తెలుసు?" అంటాడు అన్నయ్య. ఇక్కడ సిమెంటే కావాలని పట్టుబట్టి పూయించింది నేనేనని చెప్పండి.