మీగడ తీసిన పాలు

కర్నూలు, 1955 ఏప్రిల్, గురువారం రాత్రి

నిద్ర పట్టడం లేదు. మా వార్డులో నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు కొవ్వు అరగదని, తల్లిపాలు పిండి, మీగడ తీసి, గొట్టంతో పట్టమంది డాక్టరమ్మ. పోయిన వారం బిడ్డ నెత్తురు గాజు గొట్టంలో నిలబెడితే పైన తేరింది బియ్యం కడిగిన నీళ్ళలా ఉండింది. ఈరోజు తేటగా ఉంది. కొవ్వు తగ్గిందని డాక్టరమ్మకు సంతోషం. నాకేమో బిడ్డ డొక్కలే కనిపిస్తున్నాయి.

"ఆ మీగడ జనం తొక్కే తావున పొయ్యొద్దు సిస్టరమ్మా, నాకు పాలెండిపోతాయి" అంది కోసిగి నుంచి వచ్చిన ఆ బిడ్డ తల్లి.

మల్లెచెట్టు మొదట్లో పోశాను. సాయంత్రం చూస్తే చీమలు బారులు తీరి ఉన్నాయి. మీగడ తీయడం ఆపుదామా అని డాక్టరమ్మను అడగాలంటే నోరు రావడం లేదు. రేపు పొద్దున మీగడ తీసే చెంచా మళ్ళీ నా చేతికే వస్తుంది.