హత్య నా దగ్గర, హంతకుడు దొరసాని దగ్గర

నరసరావుపేట,
1963 ఫిబ్రవరి.

మహారాజశ్రీ పోలీసు సబ్ ఇన్‌స్పెక్టరు వారి సముఖమునకు, మునసబు కోర్టులో నకళ్ళు రాసి రిటైరైన బెల్లంకొండ జక్కయ్య పెట్టుకొన్న అర్జీ.

విషయం: మిషను ఆసుపత్రి నర్సు దొరసాని అనుమానాస్పద ప్రవర్తన గురించి, ఆమె వద్దనున్న సగం పుస్తకమును స్వాధీనపరచుకొనుట గురించి.

అయ్యా,

చైనా యుద్ధం వచ్చిన నాటి నుంచి పరాయి దేశస్థుల మీద ఒక కన్ను వేసి ఉంచవలసినదిగా అందరూ చెప్పుచున్నారు. నాకు పనిచేస్తున్నదే ఒక కన్ను. అది వేసే ఉంచాను. అందువలన తెలియవచ్చిన సంగతులను తమకు మనవి చేసుకొనుచున్నాను.

1. సదరు దొరసాని పేరు మిస్ ఎడ్నా, ఐర్లండు దేశస్థురాలు. గురజాల దారిలోని మిషను ఆసుపత్రిలో నర్సు. ప్రతి శనివారం మాచర్ల బస్సు దిగి, బట్టల కొట్టుకు గానీ కూరగాయల మార్కెట్టుకు గానీ పోక, తిన్నగా అబ్దుల్ గఫార్ పాత కాగితాల కొట్టుకు పోవుచున్నది. ప్లీడర్ల ఇళ్ళలోంచి, లెక్చరర్ల ఇళ్ళలోంచి తూకానికి వేసిన ఇంగ్లీషు పుస్తకాలు చౌకగా దొరికేది అక్కడే. చిల్లర కొట్లవాళ్ళు పొట్లాలకు కొంటారు. చదివేందుకు కొనేవాణ్ణి ఈమె వచ్చేదాకా నేనొక్కణ్ణే. సముద్రాలు దాటి వచ్చిన దొరసానికి పొట్లాల కాగితాలతో పనేమి?

2. పుస్తకం చేతికి తీసుకోగానే ఆమె మొట్టమొదట చివరి పేజీ తిప్పి చూచును. నిజాయితీ గల మనిషి పుస్తకాన్ని మొదటి నుంచి చూస్తాడు. తరువాత ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూచును. అట్ట లోపల పాత ఆసామి రాసుకున్న పేరు కూడా చదువును. పేర్లతో ఆమెకు ఏమి అవసరం? ఈ విషయమై గఫార్‌ను నిలదీశాను.

"పాపం సార్, కొత్త పుస్తకం మద్రాసు నుంచి తెప్పించుకోవాలంటే మిషనోళ్ళిచ్చేది యాడ సాలుద్ది? వాళ్ళ దేశం నుంచి ఓడలో రావాలంటే నెలలు పట్టుద్దంట. ఈడ ఆమె బాసలో కూసోని మాట్లాడే మనిషి లేడు. పుస్తకాలన్నా సదువుకోనీ," అన్నాడు.

మంచి బేరాన్ని ఏ వ్యాపారస్థుడు చెడగొట్టుకుంటాడు? కనుక ఈ సాక్ష్యాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు.

3. అసలు నేరము ఇది. వీశెలు పోయి కిలోలు వచ్చిన తరువాత గఫార్ వద్ద కిలో రాయి ఒక్కటే ఉన్నది. చిన్న రాళ్ళు ఇంకా తెచ్చుకోలేదు. పోయిన శనివారం నేను ఏరుకున్న పుస్తకాలతో తక్కెడ నా వైపు మొగ్గింది. అతడు పైనున్న లావుపాటి అపరాధ పరిశోధన నవలను నడిమికి విరిచి, వెనక సగం తీసి పక్కన పడేశాడు. ముల్లు నిటారుగా నిలిచింది. నేను లబలబలాడగా, "తూకం తప్పితే రేపు అల్లాకి జవాబు చెప్పాల సార్. పుస్తకం చిరిగితే ఎవరికి చెప్పాల?" అన్నాడు.

ఇది కొత్త కాదు. పక్కన పెట్టిన సగం మరుసటి శనివారం నా తూకంలో పడుతుంది. ఈ మధ్య నవలలన్నీ నేను వాయిదాల మీదే చదువుతున్నాను. కానీ ఈసారి నేను అటు వెళ్ళగానే దొరసాని ఇటు వచ్చి ఆ సగాన్ని పట్టుకుపోయింది!

నా సగంలో ఒక డాక్టరు తన సొంత ఇంట్లో హత్య చేయబడ్డాడు. ఇంట్లో ఉన్నది అతని అక్క, తోటమాలి, గది అద్దెకు తీసుకున్న ఒక కుంటి సిపాయి. ఇన్‌స్పెక్టరు ముగ్గురినీ కూర్చోబెట్టి తలుపు గడియ వేసి, "హంతకుడు ఈ గదిలోనే ఉన్నాడు" అన్నాడు. అక్కడితో నా సగం సరి.

4. నా ఎడమ కంటిలో శుక్లం ముదిరింది. కుడి కంటికీ కమ్ముకొస్తున్నది. ఊళ్ళోవాళ్ళ దావాలన్నీ నకళ్ళు రాసి పాడుచేసుకున్న కళ్ళు ఇవి. ఒక్క అధ్యాయం చదివేసరికి పొద్దు నడినెత్తికి వస్తున్నది. ఆపరేషను చేయించుకోమంటున్నారు. చేయించుకున్నాక చూపు వస్తుందో రాదో ఎవరూ పూచీ పడటం లేదు. అయ్యా, నాకు భయంగా ఉన్నది. నేను చదివే ఆఖరి పుస్తకం ఇదే కావచ్చు. హంతకుడు ఎవడో తెలియకుండా నేను ఆ చీకట్లోకి పోలేను. నా అనుమానం తోటమాలి మీద. ఎవరూ అడగకుండానే బూట్లు కడుక్కున్నాడు.

5. ఇంట్లో కూడా నాకు న్యాయం జరగడం లేదు. నా భార్య దయామణి ఇట్లా అన్నది: "ఏందయ్యా నీ గోల! ఆమె నీ సగం ఎత్తుకుపోయిందంటన్నావు. ఆమె పుస్తకంలో మొదటి సగం నువ్వు ఎత్తుకొచ్చావని ఆమె అనుకోదా?" ఈ మాట ఆమెకు ఎవరు నేర్పినదీ విచారించవలెను. దయామణి మునుపు మిషను బంగళాలో పని చేసినది.

కావున తమరు ఒక కానిస్టేబులును పంపి సదరు సగమును నా పరం చేయించవలెను. అది వీలు కానిచో, ఇంగ్లీషు వచ్చిన కానిస్టేబులు చేత చివరి పేజీ చదివించి, హంతకుని పేరైనా నాకు కబురు చేయవలెను. నాకు చూపు ఉండగానే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
బెల్లంకొండ జక్కయ్య

తా.క.: తమరు కోటప్పకొండ తిరునాళ్ళ బందోబస్తుకు పోయినారని స్టేషనులో చెప్పగా ఈ అర్జీ వెనక్కు తెచ్చుకున్నాను. ఇంటికి వచ్చేసరికి దొరసాని నా అరుగు మీదే కూర్చొని ఉన్నది. ఒళ్ళో నా సగం! గఫార్ మా ఇల్లు చూపించాడట. ఆమె ఇంగ్లీషు యాస నాకు సరిగా అందక నోరు తెరుచుకొని నిలబడితే దయామణి అందుకున్నది.

"చచ్చిందెవరో తెలియక వారం నుంచి కొట్టుకులాడతందంటయ్యా. మన సగం కోసం వచ్చింది."

తరువాత దొరసాని నా కళ్ళలో టార్చి వేసి చూసింది. ఎందుకో అని అనుమానించాను. ఆపరేషనుకు తమ ఆసుపత్రికే రమ్మన్నది, చూపు వస్తుందన్నది. దయామణి రెండు సగాలనూ దబ్బనంతో కుట్టేసింది. ఇక నేను కళ్ళను శ్రమ పెట్టకూడదట. ప్రతి శనివారం దొరసాని వచ్చి మొదటి పేజీ నుంచి తానే చదివి వినిపిస్తానన్నది. ఈ దేశం వచ్చాక ఒకరి కోసం పైకి చదవడం ఇదే మొదటిసారి అన్నది. నాకు సంతోషమైంది, దాచుకోను. నాకు తెలిసిన కథే గనుక ఆమె యాస కూడా నెమ్మదిగా అలవాటవుతున్నది.

అయినను ఈ అర్జీని నేను ఉపసంహరించుకోవడం లేదు. డాక్టరును చంపింది ఎవరో ఆమెకు తెలుసు. ఎంత అడిగినా చెప్పదు. నిన్న శనివారం చదువు తోటమాలి బూట్లు కడుక్కునే చోటికి రాగా, నాకున్న ఒక్క కంటితో ఆమె మొహం గమనించాను. నవ్వు ఆపుకుంటున్నది. తెలిసి ఉండి దాచడం ఏ సెక్షను కిందికి వస్తుందో తమరు సెలవియ్యవలెను. తొందరేమీ లేదు, శనివారాలు అయిన తరువాత చాలును.