గోడ మీద కేసు

ఓవెర్రి, 1931 జనవరి 12

ఉరెదియాని కొట్టాను. కడుపుతో ఉన్న పెళ్ళాన్ని. తిండి ఆలస్యమైందని. గడప తగిలి పడింది. లేచి సంతలో ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది. పోతే పోనీ అనుకున్నాను. తెల్లదొరల కోర్టులో క్లర్కుని. నన్నెవరేం చేస్తారు?

జనవరి 14

వచ్చారు. ఊళ్ళో ఆడవాళ్ళంతా. తలలకి ఆకులు చుట్టుకుని, చేతుల్లో రోకళ్ళతో. నా మీద పాట కట్టి పాడారు. అందరికన్నా ముందు మా ఎజిన్నె పిన్ని. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. "ఒరేయ్, నీకు గోరుముద్దలు పెట్టింది ఆడదే కదరా! బయటికొచ్చి తప్పయిందని చెప్పు, పోతాం" అంది. పొద్దు వాలేదాకా అడుగుతూనే ఉంది. నేను గడియ తియ్యలేదు.

అప్పుడు వంటింటి గోడ పొడిచేశారు. కప్పు పీకేశారు. నా పుస్తకాలు మాత్రం తీసి అరుగు మీద పెట్టారు. ఒక్క గిన్నె పట్టుకుపోలేదు.

పెళ్ళాన్ని కొట్టినవాడికి మా వైపు తాతలనాటి నుంచీ ఇదే శిక్ష. ఆ సంగతి నాకు తెలుసు.

జనవరి 15

కంప్లైంట్ రాశాను. దొరల క్రిమినల్ కోడ్‌లో సెక్షన్ ఉంది: కావాలని, చట్టవిరుద్ధంగా ఆస్తికి నష్టం చేయడం. ఇంగ్లీషులో బాగా కుదిరింది. కొట్టిన సంగతి రాయలేదు.

జనవరి 16

ఉరెదియా పుట్టింట్లో ఉందట.

జనవరి 23

కేసు పెట్టినవాడే ఇంటర్‌ప్రెటర్‌గా నిలబడకూడదు. ఇవాళ వేరే మనిషి లేడని నేనే నిలబడ్డాను. కేసు వినే దొరకి తొందర. పైగా ముందటేడు పన్నుల గొడవలో ఆడవాళ్ళు కోర్టులు పడగొట్టినప్పటి నుంచీ వాళ్ళ గుంపంటేనే ఆయనకి గుండెదడ.

పిన్ని చాలాసేపు మాట్లాడింది. "మేం కూల్చింది ఇల్లు కాదు దొరా, వాడి పొగరు. కడుపుతో ఉన్న పిల్లని కొట్టాడు. తప్పు ఒప్పుకోమంటే తలుపేసుకున్నాడు. ఒప్పుకున్న రోజున మేమే మట్టి తొక్కి గోడ లేపుతాం. మీ ఊళ్ళో ఇలాంటివాణ్ణి ఏం చేస్తారు?" అంది.

నేను ఇంగ్లీషులో చెప్పింది ఒకటే: గోడ కూల్చానని ఒప్పుకుంటోంది.

పిన్ని నా మొహంలోకి చూసింది. "నా మాటలన్నీ అంత చిన్నగా అయిపోయాయేంట్రా? అంతా చెప్పావా నాయనా?" అంది. చెప్పానన్నాను.

పిన్నికి మూడు నెలల జైలు.

జనవరి 26

సంతలో నాకు కంద అమ్మేవాళ్ళు లేరు. నేను వస్తుంటే వీపులు తిప్పేస్తున్నారు.

ఫిబ్రవరి 8

ఉరెదియాని పిలుచుకురావడానికి వెళ్ళాను. గుమ్మంలోనే నిలబెట్టింది. "గోడ పడితే నువ్వు కోర్టుకెళ్ళావు. నేను పడితే నాకోసం వచ్చిన పిన్నిని జైల్లో పెట్టించావు. ఇంక నాకెవరున్నారని నీ ఇంటికి రమ్మంటావు?" అంది. గొంతు కూడా పెంచలేదు. వచ్చేశాను.

ఫిబ్రవరి 10

దొర దగ్గరికెళ్ళి ఆ రోజు సగమే చెప్పానని ఒప్పుకున్నాను. సంతకాలు పెడుతూనే విన్నాడు. "గోడ కూల్చిన మాట నిజమా, కాదా?" అన్నాడు. నిజమేనన్నాను. "మరింకేం? ఎందుకు కూల్చారని చట్టం అడగదు. వెళ్ళి పని చూసుకో" అన్నాడు.

పిన్నిని వదలమని అడగాల్సింది. ఉద్యోగం పోతుందని నోరు మూసుకున్నాను.

మార్చి 2

పక్క ఊరి నుంచి ఇద్దరు మగాళ్ళొచ్చారు. పెళ్ళాల్ని కొట్టారట. ఆడవాళ్ళు ఇంటి మీదికి రాకముందే కోర్టుకి ఒక కంప్లైంట్ కాగితం రాసిపెట్టమన్నారు. నన్ను "అన్నా" అన్నారు. కల్లు పోశారు.

తాగాను.