ఎండలో చూసి కొన్న తెర

అన్నా,

రేపు నీ సంవత్సరీకం. కొత్తపేటలో నీ డీటీపీ షాపును ఇప్పుడు వదినే నడుపుతోంది. నీ పాత కంప్యూటర్ మొన్న పూర్తిగా మొరాయించింది. పెళ్లికార్డుల పని చేతిలో ఉంది కాబట్టి, తెలంగాణ బంద్ అయినా నిన్న దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి లాప్‌టాప్ కొన్నాం.

షాపతను గుంటూరు మనిషి. షట్టర్ సగం దించి లోపల అమ్ముకుంటున్నాడు. ఆ చీకట్లో అద్దంలా మెరిసే గ్లాసీ తెర పెళ్లిపందిరిలా వెలిగిపోయింది.

"రంగులు చూడండి సార్, దీని ముందు మెరుపులేని మ్యాట్ తెర వెలవెలబోతుందండి" అన్నాడు. నేను ప్యాక్ చేయమన్నాను.

వదిన ఒప్పుకోలేదు. "మన షాపుల గిట్ల చీకటుంటదా? కిటికీ వెలుగు తెర మీద పడ్తదని మీ అన్న పొద్దుందాక అట్టముక్క అడ్డం పెట్టుకునెటోడు. జర షట్టర్ లేపమను" అంది.

బంద్ ఊరేగింపు దాటిపోయాక అతను షట్టర్ పైకెత్తాడు. ఎండ పడేసరికి రంగులన్నీ పోయి, తెర నిండా నా ముఖమే కనబడింది. నీ నుదురు, నీ మీసకట్టు.

"మ్యాట్‌దే ఇయ్యమను" అంది వదిన.

ఇవాళ వదిన నీ కిటికీ పక్కనే కూర్చుని పొద్దున్నుంచి కార్డులు కొడుతోంది. అట్టముక్క తీసేసింది. వెలుగుకి తలనొప్పి అని ఒక్కసారీ అనలేదు. నేను ప్యాక్ చేయమన్న తెరే తెచ్చి ఉంటే అనుకుంటే, నాకు గండం గడిచినట్టుంది.

తెర మీద అక్షరాలే కనబడుతున్నాయన్నా. మనిద్దరం కనబడటం లేదు.