టీచరమ్మ కారు కదిలింది

బాపూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. నెల్లికుదురులో మన మెకానిక్ షెడ్డు నేనే నడుపుతున్నాను. ఇవాళ పెద్దవంగర టీచరమ్మ తన ఆటోమేటిక్ కారును లాగించుకొచ్చింది. ఎడమ కాలు పనిచేయని ఆమె బడికి వెళ్లేది అందులోనే. గేరు పార్కింగ్‌లో పెట్టినా స్టార్ట్ కావడం లేదు.

"వేరే షెడ్డుల గేర్‌బాక్సే మార్చాలన్నరు బిడ్డా," అంది దిగులుగా.

స్కానర్ పెడితే, గేరు ఎక్కడుందో చెప్పే స్విచ్‌లో లోపమని కోడ్ చూపించింది. నువ్వు నేర్పినట్టే, ఏదీ మార్చకముందు వైర్లన్నీ మీటరుతో చూశాను. స్విచ్ ప్లగ్గులో నీళ్లు చేరి ఒక పిన్నుకు చిలుము పట్టింది. శుభ్రం చేసి, కోడ్ చెరిపి, తాళం తిప్పగానే స్టార్టయింది.

"ఎవలు నేర్పిన్రు నీకు?"

"మా బాపు."

"జర పిలువు, దండం పెట్టి పోత."

నువ్వు లేవని చెప్పాను; నీ బదులు ఆ దండం నేనే అందుకున్నాను.