నీటికోడిని ఎవరూ తిట్టలేదని మనవి

నగర ఉద్యానవనాల పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు,

కొలను పార్కు పడమటి గేటు ఎదుటి వీధిలో కాపురముంటూ, త్రాసులూ తూనిక యంత్రాలూ మరమ్మతు చేసుకుని బతికే ఒక గృహస్థు సమర్పించుకొను అర్జీ.

విషయం: నీటికోడిని దూషించినారన్న అభియోగముపై మా అమ్మగారికిని, నా భార్యకును పార్కు ప్రవేశము నిషేధించిన ఉత్తర్వును రద్దు చేయుట గురించి, మరియు తమ కార్యాలయపు స్వాధీనములో ఉన్న ఒక ఎడమ కాలి చెప్పును విడుదల చేయుట గురించి.

అయ్యా,

తమరు ఈ అర్జీని చివరికంటా చదవవలెనని ముందుగానే వేడుకొనుచున్నాను. సగం చదివి పక్కన పెట్టిన అర్జీలకు ఏ గతి పడుతుందో నాకు తెలుసు. తమ ఎరువుల గోదాములో త్రాసు బాగుచేయడానికి వచ్చినప్పుడు కిటికీ గూట్లో ఆ కట్టలు చూశాను. వాటి మీద పావురం గుడ్లు పెట్టి పొదుగుతోంది. పావురం మీద నాకు ఫిర్యాదేమీ లేదు.

ఇక విన్నవించుకొనునది ఏమనగా:

1. మా ఇంట్లో మా అమ్మా, నా భార్యా ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. ఇది ఎప్పుడు మొదలైందో ఆధారములు లేవు. బీరువాను కిటికీ పక్కనుంచి జరిపిన రోజున అని నా నమ్మకం. ఇద్దరూ మంచివాళ్ళే. ఈ మాట ఒకరి దగ్గర ఇంకొకరి గురించి అని, రెండు చోట్లా చివాట్లు తిన్నాను. చెప్పుకోవలసిన సంగతులన్నీ నా ద్వారానే జరిగేవి. "ఒరేయ్, కుళాయి కారుతోందని మీ ఆవిడకి చెప్పు" అని అమ్మ. "కట్టడానికి నాకున్నవి రెండే చేతులని మీ అమ్మగారికి చెప్పండి" అని నా భార్య. ముగ్గురమూ ఒకే గదిలో ఉండగానే ఈ కబుర్లు నేను మోసేవాడిని. నేను పనికి వెళ్ళిన వేళల్లో కుళాయి అలా కారుతూనే ఉండేది.

2. డాక్టరు గారు అమ్మను మోకాళ్ళ కోసమనీ, నా భార్యను రక్తపోటు కోసమనీ పొద్దున్నే నడవమన్నారు. రక్తపోటు ఎందుకొచ్చిందని ఆయన అడగలేదు, మేమూ చెప్పలేదు. ఇద్దరినీ తమ పార్కుకు తీసుకొచ్చాను. కొలను గట్టున తుంగ పొదకు ఎదురుగా ఉన్న బెంచీ తమరికి తెలిసే ఉంటుంది. దానికి ఆ కొసన అమ్మ, ఈ కొసన నా భార్య, నడుమ త్రాసు ముల్లులాగా నేను.

ఆ తుంగలోంచే నీటికోడి బయటికొచ్చింది. నల్లటి ఒళ్ళు, నుదుట ఎర్రటి బిళ్ళ, ముక్కు కొసన పసుపు. అడుగు వేసినప్పుడల్లా తోక ఎగరేసి కింది తెలుపు చూపిస్తుంది. పొడుగాటి వేళ్ళు చాపి తామరాకుల మీద తన ఇల్లే అన్నట్లు నడిచిపోతుంది. వెనకాలే పిల్లలు. నల్లటి దూది ఉండలు, తలలు మాత్రం ఎర్రగా బోడిగా ఉన్నాయి.

3. అభియోగమునకు మూలమైన సంగతి ఇది. కాసేపు చూసి అమ్మ ఆ నీటికోడితో అంది: "ఏమే, ఎండెక్కేదాకా గూట్లో కూర్చుంటే పిల్లల కడుపులు ఎవరు చూస్తారే?"

నా భార్య కొంగును చూస్తున్నట్లు తల వంచుకుని, అదే నీటికోడితో అంది: "నువ్వు పట్టించుకోకే తల్లీ. రోజంతా మునిగి తేలినా మెచ్చేవాళ్ళుండరు."

అత్త మీద కోపం దుత్త మీద చూపినట్లు అని సామెత. మా ఇంట్లో దుత్తలన్నీ ఎన్నడో పగిలాయి. ఈ నీటికోడి దుత్తలాంటిది కాదు. ఎవరేమన్నా తల పక్కకు వంచి విని, కుర్రుమని బదులు చెబుతుంది, ఇద్దరికీ సమానంగా. ఆ పొద్దున ఇద్దరూ దానితో చాలాసేపు మాట్లాడారు. నేను ఒక్క కబురూ మోయలేదు. వీపుకు లేత ఎండ తగులుతుంటే నీళ్ళమీది తూనీగలను చూస్తూ కూర్చున్నాను. ఒక లకుముకి పిట్ట ఎదుటి కొమ్మ మీంచి నీళ్ళలోకి దూకి చేపపిల్లతో పైకొచ్చింది. పెళ్ళయ్యాక అంత హాయిగా నేనెప్పుడూ లేను. ఇది అర్జీలో రాయదగినది కాదని ఎరుగుదును, కాని నిజము.

4. రోజులు గడిచిన కొద్దీ తిట్లలో వేడి తగ్గి చూపు పెరిగిందని తమరు గమనించ ప్రార్థన. ముందటి విడతలో పుట్టి కాస్త పెరిగిన పిల్లలు, ఈ విడత పిల్లల నోళ్ళలో పురుగులు తెచ్చి పెడుతున్నాయని మొదట కనిపెట్టింది అమ్మ. అది చూసి నా భార్య నీటికోడితో, "పెద్దవాళ్ళు చేసేది చూసేగా చిన్నవాళ్ళు నేర్చుకునేది" అంది. ఇది దెప్పో మెప్పో నాకు తెలియలేదు. అమ్మకు తెలిసినట్లుంది. మర్నాడు, నిన్నటి కూర బాగుందని నీటికోడితో చెప్పింది.

5. సంఘటన జరిగిన రోజున ఒక పిల్లపక్షి తల్లిని వదిలి బురదలో ఒంటరిగా తిరుగుతోంది. గట్టు మీద గోధుమరంగు పిల్లి పొట్ట నేలకానించి పాకుతోంది.

"అమ్మాయ్, పిల్లి" అంది అమ్మ. నా భార్యతో. నేరుగా.

"ఎక్కడత్తయ్యా?" అంది నా భార్య.

అయ్యా, ఆ రెండు ముక్కలు విని నేను పిల్లిని మరిచిపోయాను. ఇద్దరూ నా మీదుగా వంగి ఒకరి చేతులొకరు పట్టుకుని ఉన్నారు.

"తుంగ పక్కన. రాయి తీసుకో, రాయి."

"రాళ్ళెక్కడున్నాయత్తయ్యా, గట్టంతా ఊడ్చేశారు."

తమ శాఖవారి శుభ్రతకు ఇంతకన్నా యోగ్యతాపత్రం ఏముంటుంది. అమ్మ వెంటనే ఎడమ కాలి చెప్పు తీసింది. ఆవిడకు భుజం నొప్పి, చెయ్యి లేవదు. అందుచేత ఆ చెప్పును నా ఒడి మీదుగా కోడలికి అందించింది, కోడలు విసిరింది. పిల్లి పారిపోయింది, పిల్ల వెళ్ళి తల్లి కింద దూరింది, చెప్పు మాత్రం తల్లి పక్కనే నీళ్ళలో పడింది. సరిగ్గా అప్పుడే తమ కాపలాదారు పొద చాటునుంచి వచ్చాడు. అతనికి కనిపించినవి చెప్పూ, నీటికోడీ.

"ఎన్నాళ్ళనుంచో వింటున్నానండీ," అన్నాడు పాపం. "పొద్దున్నే వచ్చి ఆ నోరులేనిదాన్ని చెరో పక్కనుంచి ఆడిపోసుకుంటారు. ఇవాళ చెప్పు కూడానా."

"వాళ్ళు దాన్ని తిట్టడం లేదయ్యా. ఒకరినొకరు తిట్టుకుంటున్నారు."

"ఆ పనేదో ఇంట్లోనే చేసుకోవచ్చు కదండీ."

"ఇంట్లో వాళ్ళు మాట్లాడుకోరు."

అతను చెప్పును నీళ్ళలోంచి తీసి సాక్ష్యంగా పట్టుకుని, నన్ను తేరిపార చూసి రిపోర్టులో ఇంకో వాక్యం రాసుకున్నాడు. అది నా గురించేనని అనుమానం. అతని మీద నాకు కోపం లేదు. పిట్టల మీద అంత ప్రేమ ఉన్నవాడు కాపలాకు దొరకడం ఈ నగరం అదృష్టం.

6. ఇంటికి వచ్చేటప్పుడు నా భార్య తన ఎడమ చెప్పు అమ్మకు ఇచ్చి, తాను ఒంటి చెప్పుతో నడిచింది. అమ్మ ఆ జత కలవని చెప్పులతోనే ఇప్పటికీ తిరుగుతోంది. ఆవిడ తిరిగి ఇవ్వలేదు, ఈవిడ అడగలేదు.

7. అంతలో తమ ఉత్తర్వు వచ్చింది. మళ్ళీ నోళ్ళు మూతపడ్డాయి. తప్పు ఎవరిదన్న విచారణ ఇప్పుడు మా ఫ్రిజ్ ఎదుట జరుగుతోంది. "కొందరికి గురి ఉంటే ఇంత దూరం వచ్చేదా" అని అమ్మ ఫ్రిజ్‌ను అడుగుతుంది. "చెప్పు అందించిందెవరట" అని నా భార్య తలుపు తీసి లోపలికి అడుగుతుంది. ఫ్రిజ్ నీటికోడిలాగా తల వంచి వినదు. దానితో గొడవ పెరుగుతుందే గాని తగ్గదు.

నాకు నిషేధం లేదు గనుక రోజూ నన్ను పార్కుకు పంపి వార్తలు అడుగుతున్నారు. నీటికోడి రాయి మీద రెక్కలు చాపి ఆరబెట్టుకుంటోందని ఒకనాడు చెప్పాను. అది నీటికాకి అట. "వీడికి కళ్ళుండి ఏం లాభం" అంది అమ్మ. నా భార్య కాదనలేదు. పిల్లలెన్ని ఉన్నాయని అడిగితే ఉన్నాయి అన్నాను. ఆ పూట నాకు ఇద్దరూ కాఫీ ఇవ్వలేదు.

ఇక దాచి లాభం లేదు. ఆ పిల్లల తలల మీది ఎరుపు తగ్గిపోతోందని, ఈకలు వస్తున్నాయని నాకూ తెలుస్తోంది. కొద్దిరోజుల్లో అవి తుంగ దాటి అవతలి గట్టుకు పోతాయి. అవి పెరగడం ఇద్దరూ కలిసి చూడకపోతే, ఆ రోజు నా మీదుగా పట్టుకున్న చేతులు మళ్ళీ కలుస్తాయన్న ఆశ నాకు లేదు. నేను ఎన్ని త్రాసులనైనా సరిచేయగలను. మా ఇంటిది నా చేతిలో లేదు.

8. కావున తమరు దయతలచి:

నిషేధమును పిల్లలకు పూర్తిగా రెక్కలు రాకముందే ఎత్తివేయవలెను. చెప్పును విడుదల చేయవలెను. పక్షులతో బొత్తిగా మాట్లాడరాదన్నచో, నీటికాకినైనా తిట్టుకొనుటకు అనుమతించవలెను. దాన్ని నేను చాలాసేపు పరిశీలించాను, దానికి ఎవరి మాటా పట్టింపు లేదు. గోధుమరంగు పిల్లిపై తగు చర్య తీసుకొనవలెను.

తమ గోదాము త్రాసు మళ్ళీ ముల్లు తప్పితే కబురు పంపండి, వస్తాను. ఇది లంచం కాదు, అది ఎలాగూ తప్పుతుంది.

ఒక ఇంటి మాటామంతీ తమ సంతకం మీద ఆధారపడి ఉన్నదని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
బెంచీ నడుమ కూర్చునే త్రాసుల మరమ్మతుదారు

తా.క.: అర్జీ కవరులో పెట్టబోయే ముందు ఇంట్లో చదివి వినిపించడం నా తెలివితక్కువతనం.

"ఒరేయ్, మేం మాట్లాడుకోమని ఊరంతా చాటుతున్నావా?" అంది అమ్మ.

"ఆ ఏడో నంబరు చూడండత్తయ్యా. ఫ్రిజ్ సంగతి కూడా రాశారు" అంది నా భార్య.

"ఏదీ, ఇలా జరుగు. నాకు కళ్ళజోడు లేదు, నువ్వు చదువు."

ఇద్దరూ బల్లకు ఒకే పక్కన కూర్చుని, కాగితం నడుమ పెట్టుకుని, నన్ను ఎదురుగా నిలబెట్టారు. నీటికోడి వర్ణనలో కాళ్ళు పచ్చగా ఉంటాయన్నది వదిలేశానట. కుర్రుమనడం కాదట, అది వేరే కూతట. ఒకరు తిడుతూ మాట మరిచిపోతే ఇంకొకరు అందిస్తున్నారు. అన్ని తిట్లు తింటూ అంత సంతోషపడ్డ మనిషి ఈ నగరంలో ఇంకొకడు ఉండడు.

వారి ఆజ్ఞ మేరకు అర్జీలో సవరణలు చేస్తున్నాను. అనుమతి ఇద్దరికే చాలునట. నడుమ నేను కూర్చుంటే తుంగ పొద కనిపించడం లేదట. నేను కావాలంటే ఉడుతలున్న వైపు బెంచీ మీద కూర్చోవచ్చునట.

చెప్పు కూడా వద్దట. గట్టున రాళ్ళు లేవు గనుక, పిల్లి మళ్ళీ వచ్చినప్పటికి అది కాపలాదారు చేతికి ఇచ్చి ఉంచాలట. గాల్లో అది కాస్త కుడికి లాగుతుందనీ, గురి ఎడమకు పెట్టుకోమనీ అతనికి చెప్పమంటున్నారు.

ఇన్నేళ్ళకు ఇద్దరి తరఫునా ఒకే కబురు మోస్తున్నాను. దయచేసి అతనికి అందజేయండి.